బీడు నేల ముందు చిన్న ట్రాక్టరు



ఈ వారం చరిత్ర ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం విని కొందరు నవ్వుకోవచ్చు. ఇందులో రాజులు లేరు, పట్టాభిషేకాలు లేవు. బీడు భూమిలోకి వెళ్ళి విరిగిపోయిన ట్రాక్టర్ల కథ ఇది. నవ్వే ముందు ఒక్క లెక్క వినండి. ఈ కథలో ఒక పెద్ద ప్రభుత్వం నాలుగేళ్ళలో 3 కోట్ల 60 లక్షల బ్రిటిష్ పౌన్లు మట్టిపాలు చేసుకుంది. అదే సమస్యను అంతకు డెబ్బై ఏళ్ళ ముందు ఒక పల్లెటూరి పనిముట్ల తయారీదారు ఒక్క మడత కీలుతో పరిష్కరించాడు. ఈ రెండిటికీ మధ్య ఉన్న తేడా ఏమిటన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

ముందుగా ఈ గొడవ నా తలకెందుకు ఎక్కిందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇక్కడ టెక్సస్‌లో ఊరి బయట అయిదెకరాలో పదెకరాలో కొనుక్కున్న మనవాళ్ళు బాగానే ఉన్నారు. నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి పన్నెండు ఎకరాలు కొన్నాం. అందులో సగం చదును నేల, సగం మెస్కీట్ పొదలు. పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు ఒకటి తీసుకున్నాం. ఏ కంపెనీదో చెప్పను. రంగు చెప్పినా మీరు పట్టేస్తారు కాబట్టి రంగూ చెప్పను. చదును నేల మీద అది బంగారంలా పనిచేసింది. పొదల్లోకి దింపిన మొదటి వేసవిలోనే ముందు టైర్లు ముళ్ళకు నాలుగు సార్లు పంక్చరయ్యాయి. నరికిన మోడు ఒకటి కింద నుంచి గుచ్చుకుని హైడ్రాలిక్ గొట్టం చీల్చింది. ఆకూ పొట్టూ రేడియేటరు జాలీకి అడ్డం పడి ఇంజను వేడెక్కింది. వేరు కిందికి బకెట్టు దూర్చి లేపబోతే లోడరు చెయ్యి ఒక పక్కకు వంగింది. అమ్మిన షాపతను వచ్చి చూసి, "ఇది వాడకం కాదు, హింస. దీనికి వారంటీ వర్తించదు" అన్నాడు.

కోపం వచ్చిన మాట నిజం. కానీ అతనన్న మాటలో ఒక చరిత్ర ప్రశ్న దాగి ఉంది. ఏది వాడకం, ఏది హింస? ట్రాక్టరు అసలు ఏ పనికోసం పుట్టింది? అక్కడ మొదలుపెడదాం.

ట్రాక్టర్లు సామాన్య రైతు దాకా వచ్చింది హెన్రీ ఫోర్డ్ పుణ్యమా అని. ఆయన 1917లో ఫోర్డ్‌సన్ అనే చవక ట్రాక్టరును అమ్మకానికి పెట్టాడు. నాగలిని దాని వెనక బండిలా తగిలించి లాగించేవారు. నాగలి ఏ రాయికో వేరుకో పట్టుకుంటే చక్రాలు ఆగినా ఇంజను ఆగదు. అప్పుడు ట్రాక్టరు ముందు భాగం గుర్రంలా పైకి లేచి, నడిపేవాడి మీద వెనక్కి పడేది. అలా ప్రాణాలు పోయిన రైతులు ఎందరో.

దీనికి విరుగుడు ఆలోచించినవాడు ఉత్తర ఐర్లండ్ రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్. నాగలిని మోకు కట్టి లాగినట్టు లాగకుండా, మూడు చోట్ల పట్టి ట్రాక్టరులో ఒక అవయవంగా చేశాడు. ఇప్పటికీ ప్రతి ట్రాక్టరు వెనకా కనిపించే మూడు చేతుల ఏర్పాటు అదే. అందులో ఉన్న కిటుకు ఇది: నేల నాగలిని ఎంత గట్టిగా పట్టుకుంటే, ఆ పట్టు వెనక చక్రాలను నేలకు అంత గట్టిగా అదుముతుంది. అంటే బరువైన ట్రాక్టరు చేసే పనిని తేలికైన ట్రాక్టరే చేయగలదు. 1938లో ఫోర్డ్, ఫెర్గూసన్ కాగితం రాసుకోకుండా చెయ్యీ చెయ్యీ కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో 9ఎన్ అనే ట్రాక్టరు బయటికొచ్చింది. బరువు ఒక టన్నుకు కాస్త పైన, బలం ఇరవై మూడు హార్స్‌పవర్ దరిదాపు, ధర 585 డాలర్లు. ఇవాళ మనం చిన్న ట్రాక్టరు అంటున్న దానికి అదే ముత్తాత.

ఇంకో వంశం జపాన్‌ది. 1960లలో జపాన్ కంపెనీలు తమ ఊళ్ళలోని చిన్న చిన్న వరి మడులకోసం బుల్లి ట్రాక్టర్లు తయారుచేశాయి. 1969 నుంచి అవి అమెరికాకు రావడం మొదలైంది. రోడ్డు పక్క నాలుగైదెకరాలున్న ఇంటివాళ్ళకు అవి అచ్చంగా సరిపోయాయి.

ఇప్పుడు ఈ రెండు వంశాల పుట్టిల్లు గమనించండి. ఒకటి ఐర్లండ్ మెట్ట పొలం, రెండోది జపాన్ వరి మడి. రెండూ ఎవరో తాతముత్తాతలు వందల ఏళ్ళ క్రితమే చెట్లు కొట్టి, రాళ్ళేరి, వేళ్ళు పీకి సిద్ధం చేసి ఇచ్చిన నేలలు. చిన్న ట్రాక్టరు ఆ నేలలో పుట్టింది, ఆ నేలను నమ్ముకునే పుట్టింది. దాని తేలికతనం లోపం కాదు, దాని గుట్టే అది. మోడు తగిలితే ఏం చేయాలో కూడా ఫెర్గూసన్ ఆలోచించాడు: నాగలి ఎక్కడైనా ఇరుక్కుంటే చక్రాల మీద బరువు తగ్గి, అవి ఉత్తినే తిరుగుతాయి. అంటే ట్రాక్టరు "ఇది నా పని కాదు" అని చెప్తుందన్నమాట. మోడును గెలవడం దాని ఒప్పందంలో లేదు.

మరి మోడు ఎవరి పని? దానికి జవాబు వెతకాలంటే ట్రాక్టర్లు పుట్టకముందు కాలానికి, దక్షిణ ఆస్ట్రేలియాకు వెళ్ళాలి.

అక్కడ యార్క్ ద్వీపకల్పంలో 1870లలో గోధుమ పండించడానికి వలస రైతులు భూములు తీసుకున్నారు. ఆ నేల నిండా మాలీ అనే యూకలిప్టస్ జాతి పొదలు. పైకి చూస్తే సన్నటి కొమ్మలే. కింద మాత్రం ఒక్క మనిషి ఎత్తలేనంత పెద్ద దుంప. పైన నరికినా కాల్చినా ఆ దుంప మళ్ళీ చిగుర్లు వేస్తుంది. దున్నబోతే కర్రు దానికి తగిలి విరుగుతుంది. ప్రతి దుంపా తవ్వి తీయడానికయ్యే కూలి ఆ భూమి ఖరీదు కంటే ఎక్కువయ్యేది. దుంపలు పీకే మంచి యంత్రం చేసినవారికి 200 పౌన్ల బహుమతి ఇస్తామని 1878లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. రకరకాల యంత్రాలు వచ్చాయి కానీ రైతుకు గిట్టుబాటయ్యే యంత్రం రాలేదు.

ఆ ప్రకటనకు రెండేళ్ళ ముందే జవాబు దొరికింది, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. రిచర్డ్ బోయర్ స్మిత్ అనే పనిముట్ల తయారీదారు 1876లో ఒక కొత్త నాగలి చేశాడు. దున్నుతుండగా ఒక బోల్టు విరిగి, కర్రు మోడు మీదుగా ఎక్కి దిగి, అవతల మళ్ళీ నేలలో దిగి దున్నుకుంటూ పోయిందనీ, అది చూసే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందనీ చెప్పుకుంటారు. ప్రతి కర్రునూ విడిగా ఒక కీలు మీద వేలాడదీశాడు. మోడు తగిలితే ఆ కర్రు ఒక్కటే పైకి లేస్తుంది, దాటాక బరువుకు మళ్ళీ కిందికి దిగుతుంది. మోడు పక్కనున్న మట్టి దున్నబడుతుంది, నాగలి విరగదు. ఆయన తమ్ముడు క్లారెన్స్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. 1882లో అక్కడి శాసనసభ స్మిత్‌కు 500 పౌన్లు ఇచ్చి గౌరవించింది.

అందరూ మోడును పీకడం ఎలా అని అడుగుతుంటే, ఈయన మోడు ఉండగా దున్నడం ఎలా అని అడిగాడు. దీనికి తోడు ముల్లెన్ అనే రైతు పద్ధతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. బరువైన రోలరును పొదల మీద లాగించి నలిపేయడం, ఎండాక కాల్చడం, మధ్యలో గింజలు చల్లుకోవడం. పంట కోశాక మిగిలిన మోళ్ళ చిగుర్లను మళ్ళీ కాల్చడం. ఏటేటా నాగలికి కొన్ని దుంపలు పైకి తేలేవి. వాటిని ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఏరి కుప్పలు పోసేవారు. ఆ దుంపలు పట్నంలో వంటచెరకుగా అమ్ముడుపోయేవి. అలా ఏళ్ళ తరబడి నేల నెమ్మదిగా శుభ్రమయింది. నాగలి బలంగా ఉన్నందుకు కాదు, వంగడం తెలిసినందుకు బతికింది. మిగతా పని కాలమూ చేతులూ చేశాయి.

ఇక అసలు కథకు వద్దాం. ఇది మన వేరుశనగ కథ కూడా.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో నూనెలకూ కొవ్వులకూ కటకట. వంటనూనె, మార్గరిన్, సబ్బు అన్నీ రేషనే. యుద్ధానికి ముందు ప్రపంచానికి వేరుశనగ ఎగుమతి చేసిన పెద్ద దేశాల్లో మన దేశం ఒకటి. అందులో ఎక్కువ భాగం మద్రాసు రాజధానిది, అంటే మన సీమ జిల్లాల ఎర్ర నేలలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. యుద్ధం తర్వాత ఆ కాయలు మనకే చాలని పరిస్థితి. దాంతో బ్రిటన్ వేరే చోటు వెతుక్కుంది. 1946లో యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ అధిపతి ఫ్రాంక్ శామ్యూల్ ఒక ఆలోచన చెప్పాడు: తూర్పు ఆఫ్రికాలో ఖాళీగా పడున్న పొదల భూముల్లో యంత్రాలతో వేరుశనగ పండిద్దాం. జాన్ వేక్‌ఫీల్డ్ అనే వ్యవసాయాధికారి నాయకత్వంలో ఒక చిన్న బృందం కొన్ని వారాలు తిరిగి నివేదిక రాసింది. 1947 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రణాళిక ప్రకటించింది.

ఆ ప్రణాళిక లెక్కలు చదివినప్పుడు మా వృత్తిలో ఉన్నవాళ్ళెవరికైనా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మొత్తం 107 యూనిట్లు, ఒక్కొక్కటి 30,000 ఎకరాలు. వాటిలో 80 టాంగన్యీకాలో, అంటే ఇప్పటి టాంజానియాలో. మిగతావి ఉత్తర రొడీషియాలో, కెన్యాలో. అన్నీ కలిపి 32 లక్షల ఎకరాలు, ఆరేళ్ళలో. ఖర్చు సుమారు రెండున్నర కోట్ల పౌన్లు. ఒక యూనిట్ లెక్క సరిగా వేసి, దాన్ని 107తో గుణించారు. మొదటి యూనిట్ నేల మీద నిలబడుతుందో లేదో చూడకుండానే గుణకారం మొదలైంది. మొదటి ఏడాది లక్ష్యం 1,50,000 ఎకరాలు.

మొదటి స్థలం కోంగ్వా. గోగో ప్రజల ప్రాంతం. వానలు తక్కువ, అవీ నమ్మకం లేనివి. వాళ్ళు పశువులు మేపుకుంటూ, వీలైన చోట జొన్నలూ సజ్జలూ వేసుకుంటూ బతికేవారు. ఆ పొదలను వాళ్ళు ఎందుకు కొట్టలేదో అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

ట్రాక్టర్లు కావాలి. యుద్ధానంతరం కొత్తవి దొరికే పరిస్థితి లేదు. అంచేత అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో వదిలేసిన పాత క్యాటర్‌పిల్లర్లను కొని ఓడలకెక్కించారు. ఇవి చిన్న ట్రాక్టర్లు కావు. డీ-8 అనే రకం ఒక్కోటి సుమారు 16 టన్నులు, చక్రాల బదులు ఇనుప పట్టాల మీద నడిచేది. అంటే మా పాతిక హార్స్‌పవర్ బండి దాని ముందు బొమ్మ. అయినా ఏమైందో చూడండి. దార్ ఎస్ సలామ్ రేవులో సరుకు పేరుకుపోయింది. అక్కణ్ణుంచి లోపలికి ఉన్నది ఒక్కటే సన్నటి రైలు దారి. యంత్రాలు ముందొచ్చాయి, మరమ్మతు షెడ్లూ విడిభాగాలూ తర్వాతెప్పుడో వచ్చాయి. 1947 వేసవి ముగిసేసరికి తెచ్చిన ట్రాక్టర్లలో మూడింట రెండొంతులు పనికిరాకుండా నిలిచిపోయాయి.

ఆ పొదలు పైకి చూస్తే భయపెట్టేవే. ఏనుగులూ ఖడ్గమృగాలూ తప్ప మనిషి దూరలేనంత దట్టం. మధ్యమధ్య బావొబాబ్ మహావృక్షాలు, వాటి తొర్రల్లో తేనెతుట్టెలు. బుల్డోజరు తగలగానే తేనెటీగలు లేచి డ్రైవర్లను ఆసుపత్రి పాలు చేసేవి. అయినా ఆ పొదను పడగొట్టడం అనుకున్నదానికంటే తేలికగానే అయ్యేది. రెండు ట్రాక్టర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి లాగితే చెట్లు వరసగా ఒరిగిపోయేవి. అసలు కష్టం ఆ తర్వాత మొదలయ్యేది. పైనున్న పొద పోయినా కింద వేళ్ళు వలలా అల్లుకుని ఉన్నాయి. వేళ్ళు కోసే బ్లేళ్ళు వంగాయి, విరిగాయి. నాగళ్ళు అరిగిపోయాయి. వానాకాలం పోగానే ఆ బంకమట్టి ఎండి ఇటుకలా గట్టిపడింది.

యంత్రం బలం చాలలేదనుకున్నారు. అప్పుడు యుద్ధంలో వాడిన షెర్మన్ టాంకులను వికర్స్ కంపెనీ చేత ట్రాక్టర్లుగా మార్పించి, షెర్విక్ అని పేరు పెట్టి పంపారు. యుద్ధ టాంకు కంటే గట్టిది ఇంకేముంటుంది? ఆ ప్రయోగమూ నిలబడలేదు. మొదటి ఏడాది 1,50,000 ఎకరాల చోట విత్తనం పడింది 7,500 ఎకరాల్లో.

ఇక్కడ మన రైతు ఒక్కడు ఆ బృందంలో ఉండి ఉంటే ఏమడిగేవాడో నాకు వినిపిస్తూనే ఉంటుంది. ట్రాక్టరు సంగతి తర్వాత, "నేల గుల్లగా ఉంటుందా? ఊడలు దిగుతాయా?" అని అడిగేవాడు. వేరుశనగ పూత పైన పూస్తుంది, ఊడ నేలలోకి దిగి కాయ కింద పడుతుంది. పైమట్టి గట్టిపడితే ఊడ దిగదు, దిగినా కాయ పీకితే రాదు. కోంగ్వాలో జరిగింది అదే. వానలు ముందే ఆగిపోయిన ఏడు మొక్కా ఎదగలేదు, ఉన్న నాలుగు కాయలూ ఇటుక మట్టిలో ఇరుక్కుపోయాయి. ఒకవేళ ఒక్క ట్రాక్టరూ చెడిపోకుండా మొత్తం నేల శుభ్రమై ఉంటే నష్టం ఇంకా ఎక్కువయ్యేది. యంత్రాలు మొరాయించడం ఒక రకంగా ఆ నేల పంపిన ముందస్తు హెచ్చరిక. ఆ హెచ్చరికను మరమ్మతు షెడ్డు సమస్యగానే చూశారు.

1951 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం పథకాన్ని మూసేసి, 3 కోట్ల 60 లక్షల పౌన్లను లెక్కల్లోంచి కొట్టేసింది. కోంగ్వా నేల తర్వాత పశువుల మేతకు మళ్ళింది. అంటే గోగో ప్రజలు మొదటినుంచీ చేస్తున్న పనికే. 1964 నుంచి అక్కడే దక్షిణాఫ్రికా, నమీబియా, మొజాంబిక్ విమోచన యోధుల శిబిరాలు వెలిశాయి. ఆ నేలకు దక్కిన గౌరవం అది.

సరిగ్గా అదే సంవత్సరాల్లో, అలాంటి పాత సైనిక ట్రాక్టర్లతోనే మన దేశంలో ఒక పని జరిగింది. అదీ చెప్పుకోవాలి. 1947లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అనే సంస్థను పెట్టింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఇక్కడ వదిలిన ట్రాక్టర్లతో పని మొదలుపెట్టింది. వాళ్ళ శత్రువు చెట్టు కాదు, గడ్డి. మన ఏటి గట్ల మీద తెల్లగా పూసే రెల్లు గడ్డిని మీరంతా చూసే ఉంటారు. అదే మధ్య భారతంలో లక్షల ఎకరాల నల్లరేగడిని ఆక్రమించి, సాగును తరిమేసింది. రెల్లు వేళ్ళు చాలా లోతుకు పోతాయి, ఎద్దుల నాగలికి అందవు. 1949లో ప్రపంచ బ్యాంకు భారతదేశానికి వ్యవసాయ యంత్రాలకోసం కోటి డాలర్ల అప్పిచ్చింది. మన దేశం ఆ బ్యాంకు నుంచి తీసుకున్న మొదటి అప్పుల్లో అదొకటి. దాంతో కొత్త బరువు ట్రాక్టర్లు వచ్చాయి. వేసవిలో లోతుగా తిరగేసి, వేళ్ళను ఎండకు వదిలేశారు. చంపే పని ఎండ చేసింది.

ఇక్కడ ఎందుకు పనిచేసింది, అక్కడ ఎందుకు చేయలేదు? ఇక్కడ ఆ భూములు కొత్తవి కావు. అంతకుముందు పండిన భూములే. అక్కడ ఏం పండుతుందో, వాన ఎప్పుడొస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. అడ్డు ఒక్కటే, దాని స్వభావమూ తెలుసు. శుభ్రం చేయగానే దున్నుకోవడానికి రైతు గట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. ట్రాక్టరును అడిగింది ఒక్క పనే.

ఇప్పుడు మళ్ళీ మన ముళ్ళ చెట్టు దగ్గరికి. టెక్సస్ మెస్కీట్‌ను చూసి చాలామంది మనవాళ్ళు "ఇది మన సర్కారు తుమ్మలా ఉందే" అంటారు. అనడం కాదు, రెండూ దగ్గరి చుట్టాలే. సర్కారు తుమ్మ అమెరికా ఖండపు చెట్టు. 1877 ప్రాంతంలో బ్రిటిష్ అటవీశాఖ వాళ్ళు వంటచెరకుకోసమని తెప్పించి కడప జిల్లా కమలాపురం వైపు నాటించారు. ఇవాళ మన చెరువులనూ బంజర్లనూ అదే ఏలుతోంది. రెండిటి బలమూ ఒక్కచోటే ఉంది. కాండం మొదట్లో, నేల మట్టానికి కింద చిగురు మొగ్గలుంటాయి. పైన నరికితే ఒక్క కాండం చోట పది లేస్తాయి. చంపాలంటే ఆ మొగ్గల కింద వేరు తెగాలి. టెక్సస్ పశువుల రైతులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇందుకోసం వేళ్ళు కోసే భారీ నాగళ్ళు చేయించారు, గొలుసులు లాగించారు. అవన్నీ పట్టాల మీద నడిచే పెద్ద యంత్రాల పనులు. టైర్ల మీద నడిచే టన్ను బరువు బండిది కాదు.

మరి యంత్రాలే లేని మా జేజినాయన కాలంలో ఎలా చేశారు? మాది అనంతపురం వైపు. ఆయన ఏడెకరాల కంప నేలను చేనుగా మార్చిన సంగతి మా ఇంట్లో ఎన్నో సార్లు విన్నాను. మొదటి ఏడు వేసవిలో గొడ్డళ్ళతో కంప కొట్టి అక్కడే ఎండబెట్టి, మోళ్ళ మీదే కుప్పేసి కాల్చారు. మొదటి వానకు నేల మెత్తబడగానే గడ్డపారలతో మోడు చుట్టూ గుంత తవ్వి, వేళ్ళు నరికి వదిలేశారు. రెండో ఏటికి చెదలు సగం పని చేసిపెట్టాయి. రాళ్ళేరి గట్టుకు మోశారు. ఆ మోతంతా మా జేజిదీ, కూలికొచ్చిన ఆడవాళ్ళదీ. మూడో ఏడు పైపైన మడక తోలి ఉలవలు చల్లారు. నాలుగో ఏడు గానీ చెనిక్కాయ వేయలేదు. "నేల మనిషి చేతికి అలవాటు పడాల గదా" అనేవాడట.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఎద్దుది. మడక కర్రు మోడుకు తగలగానే ఎద్దులు ఆగుతాయి. మడక పట్టినవాడి చేతికి ఆ దెబ్బ తెలుస్తుంది. అతను మేడి ఎత్తి, కర్రును మోడు దాటించి, మళ్ళీ దింపుతాడు. స్మిత్ తన నాగలికి పెట్టిన కీలు సరిగ్గా ఆ చెయ్యి చేసే పనే చేసింది. ట్రాక్టరు వచ్చాక ఎద్దు పోయింది, ఆ చెయ్యి పోయింది, దెబ్బ తెలిసే దారి పోయింది. తెలిసేసరికి లోడరు వంగి ఉంటుంది. అందుకే ఇప్పటి ట్రాక్టరు వెనక గడ్డి కోసే యంత్రానికి షియర్ బోల్టు అని ఒక మెత్తటి బోల్టు పెడతారు. అది విరగడానికే పుట్టింది. తరచూ విరుగుతోందని విసుక్కుని దాని స్థానంలో గట్టి బోల్టు వేసేవాళ్ళున్నారు. అప్పుడు బోల్టుకు బదులు గేర్ బాక్సు పోతుంది. ఆ బోల్టు జేజినాయన చేతికి మిగిలిన ఆఖరి వారసుడు. దాన్ని తీసేయకండి.

బీడు నేలతో బతికిన వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చూస్తే ఒక్క విషయం తేటగా కనిపిస్తుంది. నేల శుభ్రం చేయడం వేరు, సేద్యం వేరు. సేద్యానికి యంత్రాలున్నాయి, వాటికి ధరా వారంటీ ఉన్నాయి. శుభ్రం చేసిన పని మాత్రం ఎప్పుడూ ఏ ఖాతాలోనూ రాయలేదు. మా జేజి మోసిన రాళ్ళకు లెక్క లేదు. మాలీ దుంపలేరిన పిల్లలకు లెక్క లేదు. లెక్కలో లేనందువల్ల అది సున్నా అనుకుంటాం. కోంగ్వా ప్రణాళికలో తప్పిపోయిన అంకె అదే. చిన్న ట్రాక్టరు కొన్న ప్రతివాడూ షాపులో ఇచ్చిన కాగితంలో వెతికినా దొరకని అంకె అదే. యంత్రం మన్నిక గురించి మనం పడే బాధలో సగం నిజానికి ఆ రాయని బాకీ.

ఇంతకీ ఏం చేయాలని అడిగేవాళ్ళకు నా లెక్క ఇది. పెద్ద వేళ్ళకు పట్టాల మీద నడిచే ఎక్స్‌కవేటరును రెండు రోజులు అద్దెకు తీసుకోండి. దాని అద్దె, వంగిన లోడరు మరమ్మతు కంటే తక్కువే అవుతుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడే వేళ్ళు తీయండి. మోళ్ళు నేల మట్టానికి పైన వదలకండి. రేడియేటరు జాలీ గంటకోసారి దులపండి. ఒక్క ఏడాదిలో మొత్తం చేయాలని పంతం పట్టకండి. అన్నిటికంటే ముందు, ఆ పొద అక్కడ ఎందుకుందో ఆ చుట్టుపక్కల పాతవాళ్ళను అడగండి. మా పన్నెండు ఎకరాల్లో వాగు పక్కనున్న రెండెకరాల మెస్కీట్‌ను అలాగే ఉంచమని పక్క పొలం పెద్దాయన చెప్పాడు. అది తీస్తే గట్టు కోసుకుపోతుందట. ఉంచేశాం.

చివరిగా ఒక విన్నపం. ఈ ప్రసంగం వింటున్న వారిలో చాలామంది తాతలో తండ్రులో ఎక్కడో ఒకచోట బీడు కొట్టి చేను చేసినవాళ్ళే. సీమలో కావచ్చు, పల్నాడులో కావచ్చు, మెతుకు సీమలో కావచ్చు. వాళ్ళలో కొందరు ఇంకా మనకు ఫోన్లో దొరుకుతున్నారు. ఈసారి మాట్లాడినప్పుడు ఆరోగ్యం, వాతావరణం అయ్యాక ఇదీ అడగండి: ఆ చేను ఎన్నేళ్ళలో చేనయింది, మోళ్ళు ఎవరు తీశారు, మొదట ఏ పంట వేశారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు కూడా రాయండి. ఆ లెక్క ఇంకెక్కడా లేదు.